సూదిమొన మీద బతుకుదెరువు



లెక్కల నోట్సు చివరి పేజీలన్నీ డ్రాగన్లతో, సింహాలతో, గులాబీలతో నింపేసే పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లలో కొందరు విశాఖపట్నంలో మా షాపు మెట్లెక్కి వస్తారు. ఫోన్ తీసి తాము వేసిన బొమ్మలు చూపించి, "అన్నా, టాటూ పని నేర్పుతావా?" అని అడుగుతారు. ఒక్కోసారి వెనకే తండ్రి కూడా వస్తాడు, గోడ మీద పుర్రె బొమ్మల వంక అనుమానంగా చూస్తూ. కొడుకు అడిగేది ఏ కంపెనీ మెషీన్ కొనాలని. తండ్రి అడిగేది ఇందులో కూడు పుడుతుందా అని. కొడుకు ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ఇప్పుడప్పుడే ఏదీ కొనకు బాబూ. తండ్రి ప్రశ్నకు అంత తేలిగ్గా జవాబు రాదు. ఈ ప్రసంగమంతా ఆయన కోసమే అనుకోండి.

ఆయనకు ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ పనితో పొట్టపోసుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నారు. మీ నాయనమ్మ ముంజేతి మీద చుక్కలో, తేలో, తులసికోటో ఉండేదేమో గుర్తు తెచ్చుకోండి. అది పొడిచింది బహుశా ఎరుకల ఆవిడే అయి ఉంటుంది. సోది చెప్పడం, బుట్టలల్లడం, పచ్చబొట్లు పొడవడం ఆ ఆడవాళ్లు ఊరూరా తిరుగుతూ చేసిన పనులు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల సంపుటాల్లో కూడా వీళ్ల పచ్చబొట్ల మాట ఉంది. ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండుల ఇళ్లలో ఆ పని 'తోటి' అనే తెగ ఆడవాళ్లది. మగవాళ్లు కిక్రీ అనే వాద్యం వాయిస్తూ గోండుల పూర్వీకుల కథలు పాడేవారు, ఆడవాళ్లు సూదులు పట్టేవారు.

వాళ్లు పొడిచే తీరు ఇది: నాలుగైదు సూదులు దారంతో బిగించి కట్టడం, దీపపు మసి నూరి అందులో ముంచి పొడవడం, పొడిచిన చోట గుంటగలగరాకు పసరు రుద్దడం. మసి నల్లనిదే అయినా చర్మం కిందకు చేరాక నీలిపచ్చగా కనిపిస్తుంది. కూలి చేటెడు గింజలు, పాత చీర, కడుపుకింత అన్నం. నేను ఆ అమ్మలను మా వృత్తికి మొదటి తరం అంటాను, మర్యాద కోసం కాదు. వాళ్లకు తిరిగే ఊళ్లు ఉండేవి, అంటే నమ్మి చెయ్యి చాపే జనం ఉండేవారు. పని తల్లి దగ్గర కూతురు నేర్చుకునేది. ఏ పిల్ల ఎంత నొప్పి ఓర్చుకుంటుందో మణికట్టు పట్టుకోగానే తెలిసేది. నొప్పి మరిపించడానికి కబుర్లు, పాటలు ఉండేవి. ఇవాళ ఏసీ వేసి, స్పీకర్లో పాటలు పెట్టి మేం చేసేదీ అంతే. ఒక్క సంగతి మాత్రం వాళ్లకు చెప్పినవాళ్లు లేరు: ఆ ఒక్క సూదుల కట్టతోనే వీధంతా పొడవకూడదని.

ఆ సంగతి అమెరికాలోనూ చాలా ఆలస్యంగానే తెలిసింది. థామస్ ఎడిసన్ 1876లో ఒక కరెంటు కలానికి పేటెంటు తీసుకున్నాడు. కాగితం మీద సన్నటి బెజ్జాలు పొడుస్తూ పోతే, దాని మీద సిరా రుద్ది నకళ్లు తీసుకోవచ్చన్నది ఆయన ఆలోచన. ఆఫీసు గుమాస్తాల కోసం చేసిన ఆ పనిముట్టును చూసి న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ అనే పచ్చబొట్ల మనిషికి ఇంకో ఆలోచన వచ్చింది. 1891 డిసెంబరు 8న కరెంటుతో నడిచే పచ్చబొట్టు మెషీన్‌కు ఆయన పేటెంటు పొందాడు. పని వేగం పెరిగింది, వేగంతో పాటు వచ్చే జనమూ పెరిగారు. శుభ్రం మాత్రం పెరగలేదు. చివరికి 1961లో హెపటైటిస్ వ్యాపిస్తోందన్న కారణంతో న్యూయార్క్ నగరం ఈ పనినే నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేసింది 1997లో. అంటే మెషీన్ పుట్టిన ఊళ్లోనే 36 ఏళ్లు ఈ వృత్తివాళ్లు తలుపులు మూసుకుని, దొంగచాటుగా బతికారు.

అందుకే మా దగ్గర చేరినవాళ్లు మొదటి నెలల్లో మెషీన్ ముట్టుకోరు. బల్ల తుడవడం నేర్చుకుంటారు. వినడానికి చిన్నతనంగా ఉంటుంది. పాలిటెక్నిక్ పాసైన కుర్రాడు మందు నీళ్లు చల్లి కుర్చీ తుడుస్తుంటే వాళ్ల నాన్న మొహం చూడాలి! కానీ మా వృత్తికి అదే అక్షరాభ్యాసం. హెపటైటిస్-బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. మరక కంటికి కనిపించాలని కూడా లేదు. కాబట్టి చెయ్యి తగిలే ప్రతి వస్తువు మీదా, మెషీన్ మీద, దాని వైరు మీద, లైటు పిడి మీద, స్ప్రే సీసా మీద పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేస్తాం. మనిషి మారగానే తొడుగులన్నీ తీసి పారేస్తాం. సిరా పెద్ద సీసాలోంచి వేలెడంత కప్పుల్లోకి ఒంపుకుంటాం. మిగిలిన సిరా, అది ఎంత ఖరీదైనదైనా సరే, తిరిగి సీసాలోకి వెళ్లదు. సూది కార్ట్రిడ్జి ప్యాకెట్ వేయించుకునే మనిషి కళ్ల ముందే చింపుతాం. స్టీలు సామాను వాడేవాళ్లు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో పెట్టాలి. వాడిన సూదులు గట్టి డబ్బాలో వేసి, ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే వాళ్లకు అప్పగించాలి. మున్సిపాలిటీ తొట్టిలో పడేస్తే, పొద్దున్నే ఆ తొట్టిలో చెయ్యి పెట్టే పారిశుద్ధ్య కార్మికురాలి వేలికి గుచ్చుకుంటుంది.

ఒక కుర్రవాడు పనికొస్తాడా లేదా చూడాలంటే నేను బొమ్మ వేయించి చూడను. గ్లవ్స్ తొడుక్కుని పనిలో ఉండగా వాడి ఫోన్ మోగేలా చేస్తాను. జేబులో చెయ్యి పెట్టాడా, ఇంకొన్నాళ్లు బల్ల తుడవాల్సిందే. ఫోన్ ముట్టుకున్న గ్లవ్ మారిస్తే సరిపోదు. ఇప్పుడు ఆ ఫోన్‌కు అంటింది జేబుకు అంటుకుంటుంది, జేబుది ఇంటికి వెళ్తుంది. ఈ గొలుసు బుర్రలో దానంతటదే తిరగాలి, ఒకరు చెప్పకుండా.

ఇంకో మాట, తల్లిదండ్రులు తప్పక వినాలి. ఈ పనిలో చేరేవాళ్లు చేరకముందే హెపటైటిస్-బి టీకా వేయించుకోవాలి. మూడు ఇంజక్షన్లు, మొదటిదానికీ మూడోదానికీ మధ్య మామూలుగా 6 నెలలు. హెపటైటిస్-సికి టీకా లేదు. హెచ్ఐవీకి లేదు. అక్కడ మనల్ని కాపాడేది మన అలవాటే.

సరే, శుభ్రం వచ్చింది. ఇక బొమ్మ బాగా వేసేవాడికి పచ్చబొట్టు ఎంత పని అనుకుంటారు. ఇక్కడే చాలామంది చిత్రకారులు బోర్లా పడతారు. కాగితం కదలదు, చెమట పట్టదు, తుమ్మదు, "అన్నా ఒక్క నిమిషం" అనదు. చర్మం ఇవన్నీ చేస్తుంది. పైగా మోచేతి దగ్గర ఒకలా, పక్కటెముకల మీద ఒకలా, చీలమండ దగ్గర ఇంకోలా ఉంటుంది. జిమ్ముకు వెళ్లే కుర్రాడి భుజమూ, ఇద్దరు పిల్లల తల్లి పొట్టా ఒకే సూదికి ఒకే జవాబు చెప్పవు.

సూది దిగాల్సిన లోతు సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. చర్మం పైపొర నెలా నెలన్నరలో పాతది రాలి కొత్తది వస్తూనే ఉంటుంది. సిరా అక్కడే ఆగితే దాంతోపాటే రాలిపోతుంది. దాని కింది పొరలో పడాలి. మరీ లోతుకు దిగితే కొవ్వులోకి పాకి, గీత చుట్టూ నీలిమబ్బు కమ్మినట్టు అలుక్కుపోతుంది. సరైన పొరలో పడ్డ సిరా ఎందుకు నిలుస్తుందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఒంట్లోకి చొరబడ్డ సిరా నలుసులను రోగనిరోధక కణాలు శత్రువులనుకుని మింగేస్తాయి. మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అలా సిరాను కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. ఆ కణం చచ్చిపోతే సిరా బయటపడుతుంది, పక్కనే పుట్టిన కొత్త కణం మళ్లీ మింగుతుంది. ఫ్రాన్స్‌లోని మార్సేయ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద ఈ సంగతి చూపించారు. నాయనమ్మ చేతి మీది తేలు అన్నేళ్లు ఉన్నదంటే, ఆ చర్మం కింద అన్నేళ్లూ ఈ అప్పగింతలు జరుగుతూనే ఉన్నాయన్నమాట.

ఆ లోతు కొలవడానికి స్కేలు లేదు. మెషీన్ చప్పుడు మారుతుంది, సూది కింద చర్మం ఇచ్చే ఎదురు తెలుస్తుంది, తుడిస్తే గీత ఎలా కనిపిస్తుందో చూడాలి. ఇంకా ముఖ్యమైనది ఎడమ చెయ్యి. చూసేవాళ్లంతా మెషీన్ పట్టిన కుడి చేతినే చూస్తారు గానీ, పని సగం పైగా ఎడమ చేతిదే. చర్మాన్ని మూడు వైపులా లాగి బిగించి పట్టకపోతే ఎంతటి చిత్రకారుడి గీతైనా వంకరపోతుంది. అందుకని సిలికాన్ షీట్ల మీద, అరటిపండు తొక్క మీద, బత్తాయి మీద గీతలు, సున్నాలు, మళ్లీ గీతలు. నెలల తరబడి అంతే. గులాబీ కాదు, సింహం కాదు. మొదలుపెట్టిన చోటే కలిసే ఒక్క సున్నా చక్కగా వచ్చిందా, వాడు దారిలో పడ్డట్టే. "15 రోజుల్లో టాటూ ఆర్టిస్ట్" అనే ప్రకటనలు చూస్తుంటాను. 15 రోజుల్లో మెషీన్ విప్పి మళ్లీ బిగించడం వస్తుంది. నన్నడిగితే ఒకరి చర్మం మీద ఒంటరిగా పని చేయడానికి ఏడాది తక్కువ, రెండేళ్లు ఎక్కువ కాదు.

మన దేశంలో నేర్చుకునే వాళ్లకు ఇంకో చిక్కుంది. వీడియోల్లో కనిపించే పని నూటికి తొంభై పాళ్లు తెల్ల చర్మం మీద చేసినది. అక్కడ నిమ్మపండు రంగు మెరుస్తుంది, లేత నీలం మెరుస్తుంది. అవి చూసి మన చామనఛాయ చేతి మీద వేస్తే మూడు నెలలకు కనిపించకుండా పోతాయి. సిరా ఉండేది రంగు ఉన్న పైపొరకు కింద. టీ నిండిన గాజు గ్లాసు వెనక బొమ్మ పెట్టి చూడండి, పసుపు ఎటు పోయిందో తెలీదు, నలుపు మాత్రం నిలబడుతుంది. అందుకే మనవాళ్లకు నలుపు, బూడిద రంగులే తిండి పెట్టే రంగులు. బొమ్మలో ఖాళీ చోటు వదలడం తెలియాలి, గాలాడే బొమ్మ వేయాలి. ఎరుపు అడిగితే ముందే హెచ్చరించాలి, సిరాల్లో ఎక్కువగా దురదలూ దద్దుర్లూ తెచ్చేది అదే. మన చర్మానికి గాయం మానాక మచ్చ ఉబ్బి గట్టిపడే గుణం కూడా ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోట కాయ కట్టిందా అని అడగకుండా నేను సూది పట్టను.

తెలుగు అక్షరాల సంగతి వేరే చెప్పాలి. ఇంగ్లీషు పేరు వేయడం సుళువు, గీతలే. మన అక్షరాలన్నీ గుండ్రాలు, వాటికి తలకట్లు, కింద ఒత్తులు. అంగుళంలో సగం ఎత్తున "లక్ష్మి" అని రాయమంటారు. రాస్తే ఆ రోజు ముచ్చటగానే ఉంటుంది. సిరా ఏళ్లు గడిచేకొద్దీ చర్మంలో కొంచెం కొంచెం పాకుతుంది. అయిదేళ్లకు క్ష కడుపు పూడుకుపోతుంది, ఒత్తు ఒక చుక్కగా మిగులుతుంది. అక్షరం ఎంత పెద్దగా ఉంటే నిలుస్తుందో చెప్పి ఒప్పించడం మా పని. ఇక అచ్చుతప్పులు! ఫోన్లో ఎవరో పంపిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించమంటారు. దీర్ఘం పోయిన వాక్యం జన్మంతా చేతి మీద మోస్తారు. స్టెన్సిల్ అంటించే ముందు వేయించుకునేవారి చేత పైకి చదివించి, కాగితం మీద సంతకం చేయించుకోవడం మా షాపులో రివాజు. తెలుగు చక్కగా రాయడం, తప్పు పట్టుకోవడం వచ్చిన ఆర్టిస్టుకు మన రెండు రాష్ట్రాల్లోనే కాదు, అమెరికా నుంచి సెలవులకు వచ్చే మనవాళ్ల దగ్గర కూడా గిరాకీ ఉంది. వాళ్లకు అక్కడ తెలుగు దించేవాళ్లు దొరకరు.

ఇప్పుడు డబ్బు మాట. దానికి ముందు, డబ్బు వద్దనే మాట. ఈ వృత్తిలో ఎక్కువ కాలం నిలబడ్డవాళ్లను చూస్తే, వాళ్లు వేసిన వాటికంటే వేయనన్నవే వాళ్లను నిలబెట్టాయనిపిస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు చాలామంది సైన్యంలోకి వెళ్లాలని పొద్దున్నే రోడ్ల మీద పరిగెడుతుంటారు. దేశభక్తితోనే వచ్చి, మెడ మీద జెండా, భుజం మీద సైనికుడి బొమ్మ వేయమంటారు. వేస్తే ఏమవుతుంది? సైన్యంలో చేరేవారికి మోచేయి నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలి వైపున, అరచేతి వెనక వైపున తప్ప ఒంటి మీద ఇంకెక్కడా శాశ్వతమైన పచ్చబొట్టు ఒప్పుకోరు. ఆచారంగా వేయించుకునే గిరిజన తెగలవాళ్లకు మినహాయింపు ఉంది. కేంద్ర సాయుధ బలగాల్లోనైతే ముంజేయి కూడా ఎడమదే, కుడి చేత్తో సెల్యూట్ కొట్టాలి కాబట్టి. పరుగు పందెం గెలిచి, రాత పరీక్ష గెలిచి, వైద్య పరీక్షలో ఒక బొమ్మ వల్ల వెనక్కి వచ్చే పిల్లవాడి బాధ మామూలుది కాదు. కాబట్టి ఇరవై ఏళ్లలోపు కుర్రాడు వచ్చి కూర్చోగానే మొదటి ప్రశ్న: "తమ్ముడూ, ఆర్మీకో పోలీసుకో రాస్తున్నావా?" రాస్తున్నానంటే, నోటిఫికేషన్ చదువుకుని రమ్మని పంపించేస్తాం. ఆ రోజు రెండు వేలు పోతాయి. ఆ కుర్రాడు మాత్రం ఊళ్లో పదిమందికి చెబుతాడు.

పద్దెనిమిది నిండనివాళ్లకు వేయం. తాగి వచ్చినవాళ్లకు వేయం. పుట్టుమచ్చ మీద వేయం, రేపు ఆ మచ్చ మారితే డాక్టరుకు కనిపించాలి. షుగరు ఉన్నవాళ్లను, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లను డాక్టరును అడిగి రమ్మంటాం. రక్తదానం చేసే అలవాటున్నవాళ్లకు ముందే చెబుతాం, పచ్చబొట్టు వేయించుకున్నాక ఏడాది పాటు రక్తం తీసుకోరని. ప్రేమలో పడిన నెలకే పేరు వేయించుకోవడానికి వచ్చే జంటల సంగతి అడగకండి, ఆ విషయంలో మా మాట ఎవరూ వినరు. ఇంకొకటి. 2015లో వచ్చిన బాహుబలిలో హీరో నీళ్లలోంచి ఈదుకుంటూ వచ్చి, హీరోయిన్‌కు తెలియకుండా ఆమె చేతి మీద రంగులు వేసి వెళ్లిపోతాడు. తెర మీద ఎంత ముద్దొచ్చినా, మా పనిలో దానికి చోటు లేదు. నిద్రలో ఉన్న మనిషి, మత్తులో ఉన్న మనిషి, పక్కవాళ్లు బలవంతం చేస్తే వచ్చిన మనిషి, ఈ ముగ్గురి చర్మమూ మాది కాదు.

ఇక ఆదాయం. నేర్చుకునే కాలంలో రాబడి ఉండదు, చాలాచోట్ల ఎదురు ఫీజు కట్టాలి. ఆ ఏడాది రెండేళ్లు ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు ఉండాలి, లేదా సాయంత్రం ఇంకో పని ఉండాలి. ఈ మాట దాచి, మొదటి నెల నుంచే లక్షలు అనేవాళ్లను నమ్మకండి. పని వచ్చాక ఒక స్టూడియోలో కుర్చీ దొరుకుతుంది. మీరు వేసిన బొమ్మకు వచ్చిన డబ్బులో సగమో, అంతకు కాస్త ఎక్కువో మీది, మిగతాది యజమానిది. అద్దె, కరెంటు, సిరా, సూదులు ఆయన ఖర్చు. చిన్న బొమ్మలకు చదరపు అంగుళానికి ఇంతని లెక్క, కొత్తవాళ్లకు కొన్ని వందలు, పేరున్నవాళ్లకు అంతకు ఎన్నో రెట్లు. పెద్ద బొమ్మలకు రోజు లెక్కన తీసుకుంటారు. నెలంతా ఒకేలా ఉండదు. ఎండాకాలంలో చెమటకు గాయం సరిగ్గా మానదని జనం తగ్గుతారు. ప్రేమికుల రోజు, అభిమాన హీరో పుట్టినరోజు, ఎన్నికల గెలుపు, ఇవి మా పండగలు. నాయకుడు ఓడిపోయాక కూడా వస్తారు, అప్పుడు బొమ్మ మార్చడానికి.

ఆ మార్చే పనే మాకు గట్టి ఆధారం. పాత పేరు మీద కొత్త బొమ్మ కప్పడం వచ్చినవాళ్లకు ఎప్పుడూ పని ఉంటుంది. అది కష్టమైన విద్య. నలుపును తెలుపుతో కప్పలేం, పాతదానికంటే ముదురైనది, రెండు మూడు రెట్లు పెద్దది వేయాలి. పాత గీతలు కొత్త నెమలి ఈకల్లో కలిసిపోయేలా ఆలోచించాలి. అసలు లేకుండా చేయాలంటే లేజరు ఉంది, అది చర్మ వైద్యుల పని. వారాల తరబడి ఎడం ఇస్తూ చాలాసార్లు తిరగాలి, వేయించుకున్నదానికంటే ఎక్కువ నొప్పి, ఎక్కువ ఖర్చు.

సొంత షాపు పెట్టాలంటే తొందరపడకండి. మీ పేరు అడుగుతూ వచ్చేవాళ్లు కనీసం నెలలో సగం రోజులు నింపితేనే అద్దె మాట తలపెట్టండి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. పెట్టుబడి కొంచెమే కావాలంటే ముద్రా పథకంలో శిశు కింద 50,000 రూపాయల దాకా అప్పు ఇస్తారు. బ్యాంకు మేనేజరుకు ఈ వ్యాపారం అర్థం కావడానికి ఇంకో గంట పడుతుంది, ఓపిక పట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మలు పెట్టేటప్పుడు అప్పుడే వేసిన ఎర్రగా మెరిసే ఫొటో అందరూ పెడతారు. మీరు ఆరు నెలలకు మానిన చేతిని పిలిపించి ఫొటో తీసి పెట్టండి. తెలిసినవాళ్లు చూసేది దాన్నే.

పని బాగా వచ్చిన ఆర్టిస్టులు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒకరికే దూరం నుంచి రైలెక్కి ఎందుకు వస్తారంటే, ఆ గీత ఇంకెక్కడా దొరకదు గనుక. మో నాగా పేరు ఈ రంగంలో చాలామందికి తెలుసు. మణిపూర్ నుంచి వచ్చి, మన హైదరాబాద్‌లోనే నిఫ్ట్‌లో ఫ్యాషన్ డిజైన్ చదివాడు. తర్వాత ఆయన తన నాగా తెగల పాత పచ్చబొట్లను వెతుక్కుంటూ వెళ్లాడు. మతం మారడం, తలల వేట ఆచారం ఆగిపోవడం వల్ల ఆ బొమ్మలు ముసలివాళ్ల ఒంటి మీదే మిగిలిపోయాయి. ఆ పెద్దల దగ్గర కూర్చుని, ఏ గీత ఎవరిది, ఎందుకు వేస్తారు అని అడిగి తెలుసుకుని, వాటి నుంచి ఈ కాలానికి సరిపడే నాగా శైలిని తయారుచేశాడు. గువాహటిలో నేర్పే చోటు కూడా పెట్టాడు. ఫిలిప్పీన్స్‌లో వాంగ్-ఓద్ అనే పెద్దావిడ ఉంది, ఆవిడది అక్కడి కళింగ కొండల్లో బుస్కలాన్ అనే పల్లె. 1917లో పుట్టింది. ముల్లును కర్రకు గుచ్చి, మసి సిరాలో ముంచి, ఇంకో కర్రతో కొడుతూ పొడుస్తుంది. 2023 ఏప్రిల్‌లో, 106 ఏళ్ల వయసులో, వోగ్ పత్రిక ఫిలిప్పీన్స్ సంచిక ముఖచిత్రం మీద ఆవిడ బొమ్మ వచ్చింది. రక్తసంబంధం ఉన్నవాళ్లకే నేర్పాలన్నది అక్కడి నమ్మకం. పిల్లలు లేని ఆవిడ తన తోబుట్టువుల మనవరాళ్లను కూర్చోబెట్టి నేర్పింది. వాళ్లిప్పుడు ఆవిడ పక్కనే పని చేస్తున్నారు.

మన దగ్గర అలా పాత గీతల్లోంచి సొంత శైలి తీసే పని ఇంకా ఎవరూ గట్టిగా పట్టుకోలేదనిపిస్తుంది. ముగ్గులు ఉన్నాయి, చుక్కకూ చుక్కకూ మధ్య లెక్క తప్పని గీతలు, పచ్చబొట్టుకు ఇంతకంటే ఏం కావాలి? కలంకారీ తీగలున్నాయి, చేర్యాల పటాల కళ్లున్నాయి, లేపాక్షి కప్పు మీద చీరల అంచులున్నాయి. పాడేరు, అరకు సంతల్లో ముసలమ్మల చేతుల మీద గుర్తులున్నాయి. కానీ ఆ గుర్తులు ఒక తెగవి, ఒక ఇంటివి. అడగకుండా ఫొటో తీసి, మర్నాడు షాపులో అమ్మకూడదు. కూర్చుని మాట్లాడి, ఒప్పుకుంటే నేర్చుకుని, వాళ్ల పేరు చెప్పి వేయాలి.

ఆడపిల్లలకు ఇందులో చోటుందా అని తల్లులు నెమ్మదిగా అడుగుతుంటారు. మన ఊళ్లలో ఇది మొదటి నుంచీ ఆడవాళ్ల పనే, ఎరుకల అమ్మల సంగతి ఇందాకే చెప్పాను కదా. అమెరికాలో మాడ్ వాగ్నర్ అని సర్కస్‌లో పనిచేసే ఆవిడ, 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శనలో పరిచయమైన పచ్చబొట్ల ఆయనతో షికారుకు వెళ్లడానికి ఒక షరతు పెట్టింది, పాఠం నేర్పితేనే వస్తానని. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకుని ఊళ్లు తిరుగుతూ ఆ పనే చేశారు. ఇక్కడ పరిస్థితి ఎలా ఉందంటే, వీపు మీద, పక్కటెముకల మీద వేయించుకోవాలనుకునే ఆడవాళ్లు మగ ఆర్టిస్టు దగ్గర ఇబ్బంది పడతారు. ప్రసవం ఆపరేషన్ కుట్ల మచ్చ కప్పించుకోవాలని వచ్చేవాళ్లు, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వచ్చేవాళ్లు ఒక ఆడ ఆర్టిస్టు కోసం వేరే ఊరైనా వెళ్తారు. ఈ పని తెలిసిన అమ్మాయిలు మన జిల్లా కేంద్రాల్లో ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒంటి సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. వంగి కూర్చుని ఆరేసి గంటలు చేసే పని. మెడ, నడుము, మణికట్టు ముందుగా లొంగిపోతాయి. కళ్లు తర్వాత. సర్దుకునే కుర్చీ, మంచి లైటు మెషీన్ కంటే ముందు కొనాల్సినవి. మొదట్లో ఏదీ కొనకు అన్నాను చూశారా, ఆ కుర్రాడు ఇది కూడా రాసుకోవాలి.

నేర్చుకోవడానికి ఒకచోటికి వెళ్లినప్పుడు ఏం తీసుకెళ్లాలో చెప్పి ముగిస్తాను. సినిమా తారల బొమ్మల ఆల్బమ్ ఇంట్లో పెట్టండి. పెన్నుతో, రబ్బరు వాడకుండా వేసిన గీతల పుస్తకం పట్టుకెళ్లండి. హెపటైటిస్-బి ఇంజక్షన్ల కార్డు పట్టుకెళ్లండి, అది చూపిస్తే గురువు సగం కరిగిపోతాడు. మీరు కూడా ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. వాడిన సూదులు ఎక్కడికి పంపుతారు? సిరా సీసా మీద తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూపిస్తారా? ఆరు నెలల కింద వేసిన పని ఫొటోలు ఉన్నాయా? ఈ నెలలో ఎవరినైనా వేయనని వెనక్కి పంపారా? చివరి ప్రశ్నకు ఆయన కాసేపు ఆలోచించి, ఒక్కరి కథైనా చెప్పగలిగితే ఆ షాపులో చేరండి. ఎవర్నీ పంపలేదంటే, అమ్మానాన్నలు పక్కనే ఉంటారు కాబట్టి, నమస్కారం పెట్టి బయటకు వచ్చేయండి.